నాలుగో తొట్టి

ప్రజాభిప్రాయ సభకు ప్రజలు వచ్చారు. అంటే, ఎమిల్ కచ్మార్ వచ్చాడు.

హాల్డెన్ పురపాలక భవనం కింది గదిలో నలభై మడత కుర్చీలు వేశారు. ముప్పై తొమ్మిది ఖాళీ. గోడవార బల్ల మీద ప్లేటు నిండా బిస్కెట్లు, ప్లాస్కులో కాఫీ, ఒక సంతకాల కాగితం. ఎమిల్ సంతకం పెట్టి కాగితం వెనక్కి తిప్పి చూశాడు. వెనక కూడా ఎవరూ లేరు.

"ఇంకెవరైనా వస్తారేమో, ఒక్క అయిదు నిమిషాలు ఆగుదామా కచ్మార్ గారూ?" అంది లొరెయిన్ గుడ్లో. ఊళ్ళో పాడుపడ్డ స్థలాలను బాగుచేయించే ఆఫీసరు ఆవిడ. రిటైరవడానికి రెండేళ్ళుంది.

"ఆరేళ్ళ నుంచీ ఆగుతూనే ఉన్నాం. కానియ్యండి."

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని, నలభై మంది ఎదురుగా ఉన్నట్టే గొంతు పెంచి చదివింది. మూతబడ్డ స్నానపు తొట్ల ఫ్యాక్టరీ స్థలం, పదకొండెకరాలు. మట్టిలో సీసం. ఆ మట్టిని తవ్వి తీసేసి, పైన రెండడుగుల మంచి మట్టి పరిచి, ఇళ్ళూ పార్కూ కట్టడానికి కేంద్రప్రభుత్వ నిధికి దరఖాస్తు. "దీని మీద ప్రజలకి ఏమైనా అభ్యంతరాలున్నాయా?"

"ఉన్నాయి," అన్నాడు ప్రజలు.

"మూడు నిమిషాలు."

ఎమిల్ లేచి నుంచున్నాడు. ఇది పద్నాలుగోసారి. ఇదివరకే అతను దుమ్ము లేస్తుందన్నాడు, లారీలు తిరిగి రోడ్లు పాడవుతాయన్నాడు, అక్కడ కాపురముంటున్న అడవి ఉడతల గతేమిటన్నాడు. అతను ఉడతల్ని రాళ్ళు పెట్టి కొట్టే మనిషని వీధంతటికీ తెలుసు. పోయినసారి ఇంకేమీ తోచక నోటీసులో అక్షరాలు మరీ చిన్నవన్నాడు. ఈసారి పార్కులో బెంచీలు వేస్తే సోమరులు చేరతారన్నాడు. చెబుతున్నంతసేపూ తనకే సిగ్గేసింది. వారంలో ఆరు రోజులు అతను కూర్చునేది మందుల షాపు ముందున్న బెంచీ మీదే.

గనికాలనీ బడిలో ఎనిమిదో తరగతితో చదువు మానేసిన మనిషికి మూడు నిమిషాలు ఏకధాటిగా మాట్లాడటం చిన్న పని కాదు. అసలు సంగతి దాచుకుని మూడు నిమిషాలు మాట్లాడటం ఇంకా పెద్ద పని.

గుడ్లో అంతా రాసుకుంది. "బిస్కెట్లు తీసుకెళ్ళండి. మిగిలిపోతాయి."

తీసుకెళ్ళాడు. అభ్యంతరం బిస్కెట్ల మీద కాదుగా.

*

సెప్టెంబరులో నిధి వచ్చేసింది. ఎనిమిది లక్షల డాలర్లు. గుడ్లో స్వయంగా ఇంటికొచ్చి చెప్పింది. మెట్ల మీదే నుంచుని అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"మీ చలవే కచ్మార్ గారూ."

"నా చలవేంటి? నేను వద్దన్నాను."

"ముప్పై ఒకటో పేజీ చూడండి," అని దరఖాస్తు నకలు చేతిలో పెట్టింది.

స్థానిక ప్రజల భాగస్వామ్యం అని పైన రాసి ఉంది. కింద: 'ఆరేళ్ళలో జరిపిన పద్నాలుగు సభల్లో ఏ ఒక్కటీ ప్రజలు లేకుండా జరగలేదు. పర్యావరణం, రవాణా, వన్యప్రాణులు, సమాచార హక్కు, బహిరంగ స్థలాల వినియోగం వంటి అంశాలపై లోతైన చర్చ జరిగింది.'

"ఈ ఒక్క అంశానికి ఇరవైకి ఇరవై వేశారు," అంది గుడ్లో. "మనకి దొరికి పక్కూరికి దొరకలేదంటే తేడా మూడు మార్కులే. వాళ్ళ సభలకి ఒక్కరూ రాలేదట."

ఎమిల్ కుర్చీలో కూలబడ్డాడు. బడిలో ఏ మాస్టారూ ఏనాడూ అతనికి ఇరవైకి ఇరవై వెయ్యలేదు. డెబ్బై ఆరేళ్ళకి వేశారు. దేన్ని ఆపాలనుకున్నాడో దాన్ని తెచ్చిపెట్టినందుకు వేశారు. ఆ పద్నాలుగు సాయంత్రాలూ ఇంట్లో టీవీ ముందు కునుకు తీసుంటే చాలేది. పక్కూరివాళ్ళు అదే చేశారు. వాళ్ళ ఫ్యాక్టరీ వాళ్ళకి చెక్కుచెదరకుండా ఉంది.

పక్కింటి డొలోరెస్ పెట్రిల్లో కంచె మీదుగా తల పెట్టింది. ఎవరింట్లో ఏం జరిగినా ముందు ఆవిడ తల వస్తుంది, తర్వాత మాట వస్తుంది. "ఏమయ్యా ఎమిల్, ఊరికి ఎనిమిది లక్షలు తెచ్చావటగా! నీ విగ్రహం పెట్టిస్తారేమో. మా మేరీమాత పక్కన చోటుంది."

ఆవిడ ముందుపెరట్లో మేరీమాత నిలువుగా పాతిన తొట్టిలో నుంచుని ఉంటుంది. ఆ వీధిలో సగం ఇళ్ళ ముందు అంతే. తొట్లు చేసే ఊళ్ళో దేవుడి గూటికి వేరే సరుకు ఎవరు కొంటారు?

"నోరు మూసుకో డొలోరెస్."

"మూసుకుంటే నీతో మాట్లాడేదెవరు?" అంది ఆవిడ.

*

అసలు సంగతి ఎమిల్ ఇంటి వెనక, ఫ్యాక్టరీ కంచెకి అవతల ఉంది. పది అడుగుల వెడల్పున ఒక చారిక నేల. ఫ్యాక్టరీదే, కానీ ఫ్యాక్టరీ దాన్నెప్పుడూ పట్టించుకోలేదు. జుజ్కా పట్టించుకుంది.

జుజ్కా అతని భార్య. ఏడేళ్ళ కిందట మందుల షాపు క్యూలో గుండె ఆగి పోయింది. ఎమిల్ అప్పుడు బయట కారులో ఉన్నాడు. ఇంత ఆలస్యమేమిటని హారన్ కొట్టాడు. రెండుసార్లు కొట్టాడు. ఆ షాపు ముందు బెంచీ మీద అతను ఎందుకు కూర్చుంటాడో వీధిలో ఎవరూ అడగలేదు. అడిగితే ఎండకి అని చెప్పేవాడు.

ఆ చారికలో జుజ్కా ఖ్రెన్ పెంచింది. చూడటానికి తెల్ల ముల్లంగి, కోరితే ఆవ ఘాటు, ముక్కులోంచి నేరుగా మెదడుకెక్కుతుంది. ఈస్టరుకి హామూ గుడ్లూ సాసేజీలూ బుట్టలో పెట్టి దీవెన కోసం చర్చికి తీసుకెళ్ళేటప్పుడు, బీటుదుంపతో కలిపిన ఖ్రెన్ గిన్నె లేకపోతే అది బుట్ట కాదు. జుజ్కా గిన్నె మూత తీసి ఫాదరు ఒకసారి వాసన చూసి, కాసేపు బల్లకి ఆనుకుని నుంచున్నాడు. ఆ వేరు ఆవిడ తల్లి వలస వచ్చేటప్పుడు పాతదేశం నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. ఇప్పుడు ఆ వేరు ఇంకెక్కడా లేదు. జుజ్కా చేతుల మీదుగా పెరిగి ఇంకా ప్రాణంతో ఉన్నది అదొక్కటే. పిల్లలు లేరు.

దాన్ని నాటిన సంగతి కూడా ఒక కథే. 1981.

"దీన్ని ఊరికే నేలలో పెడితే వీధి చివరిదాకా పాకుతుంది. చుట్టూ గోడ కావాలి," అంది జుజ్కా.

"గోడ ఎక్కణ్ణుంచి తేను?"

"పదహారేళ్ళ నుంచి తొట్ల ఫ్యాక్టరీలో చేస్తున్నావు. నన్నడుగుతావేం?"

పూత మీద ఎక్కడైనా గోరంత పెచ్చు ఊడితే ఆ తొట్టిని పనికిరానిదని వెనక కుప్పలో పడేసేవారు. ఒక ఆదివారం ఊరంతా పూజలో ఉండగా ఎమిల్, జుజ్కా తమ్ముడు యోజెఫ్ కలిసి ఆ కుప్పలోంచి మూడు తొట్లు ఇనుప గొట్టాల మీద దొర్లించుకుంటూ చారిక దాకా లాక్కొచ్చారు. ఒక్కొక్కటి నూటనలభై కిలోలు. అంచుదాకా పాతారు. ఎమిల్ నడుము ఆ రోజు పట్టేసింది, ఇప్పటికీ వదల్లేదు.

తొట్లలోకి మట్టి ఏదని వచ్చినప్పుడు గొడవైంది. పోతపోసే శాలలో వాడేసిన నల్ల ఇసకని పనివాళ్ళు ఊరికే తీసుకెళ్ళొచ్చు. పెరళ్ళలో పరుచుకుంటే నల్లగా, రేగడిలాగా, చూడముచ్చటగా ఉండేది.

"ఫ్రీగా వస్తోందే," అన్నాడు ఎమిల్.

"మీ ఫ్యాక్టరీ బూడిద నా వేరుకి పెట్టను," అంది జుజ్కా. యోజెఫ్ పొలం నుంచి మట్టి తెప్పించుకుంది. ఎమిల్ దాన్ని పొగరన్నాడు. తన మాట చెల్లించుకోవడానికి తొట్ల చుట్టూ ఆరు బళ్ళ నల్ల ఇసక పోశాడు. ఊరికే వచ్చేదాన్ని కాదనడం కచ్మార్ల ఇంటా వంటా లేదు.

దొంగిలించిన తొట్ల సంగతి అతను ఏటా ఈస్టరు ముందు పాపాలు ఒప్పుకునేటప్పుడు ఫాదరుకి చెప్పుకునేవాడు. మూడు తొట్లు, ఫాదర్. మళ్ళీ అవే మూడా కచ్మార్? మళ్ళీ అవే, ఫాదర్. మేడ మీద స్నానాల గదిలో తొట్టి మాత్రం వేరు. అది కొన్నది. నూటపది డాలర్లు, వాయిదాల మీద. జుజ్కాకి అలాగే చెప్పాడు. పెళ్ళయిన ఏడేళ్ళకి ఆవిడకి అతనిచ్చిన మొదటి పెద్ద కానుక. ఆవిడ దాని అంచు మీద, గోడవైపు మూల, సబ్బుపెట్టె పెట్టింది. ఇంకెక్కడా పెట్టేది కాదు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

అదీ ఎమిల్ అభ్యంతరం. ఒక ముసలాడు పెళ్ళాం నాటిన వేరు కోసం ఎనిమిది లక్షల డాలర్ల పని ఆపమంటున్నాడని చెప్పుకోవాలి. అంతకంటే అడవి ఉడతల మీద మాట్లాడటం మర్యాదగా తోచింది.

*

ఫిబ్రవరిలో వార్డ్ లిండ్‌క్విస్ట్ అనే ఆయన వచ్చాడు. మట్టి పరీక్షల మనిషి, యాభై దాటినవాడు, ఒక మోకాలు సరిగా వంగదు. ఇనుము జాడ తీసే యంత్రాన్ని రెండు రోజులు స్థలమంతా లాక్కు తిరిగి, మూడో రోజు ఎమిల్ తలుపు తట్టాడు.

"మీరు ఆ ఫ్యాక్టరీలో ఇరవై ఒక్కేళ్ళు చేశారటగా. పాతవాళ్ళని అడిగి రాసుకోవాలని రూలు. మీ కంచె అవతల నేలలో మూడున్నాయి. ఇనుపవి. వరసగా, ఒక్కోటి అయిదడుగులు. కాగితాల్లో ఎక్కడా లేవు. ఏమై ఉంటాయంటారు?"

నిజం చెప్పడానికి దేవుడు గుమ్మం దాకా మనిషిని పంపించాడు. ఎమిల్‌కి అది తట్టలేదు. అతనికి తట్టింది వేరు. ఫ్యాక్టరీ ఉత్తరపు దొడ్లో ఒక గొయ్యి ఉండేది. దాని మీద 'ప్రమాదం' అని ఎర్రబోర్డు. ఆ బోర్డు ఎవరు పెట్టారో, గోతిలో ఏముందో ఎవరికీ తెలీదు. ఇరవై ఒక్కేళ్ళలో ఫోర్‌మన్‌తో సహా ఒక్కడూ దాని జోలికి పోలేదు. ఎమిల్ బతుకంతా నేర్చుకున్నది అది: ప్రమాదమని చెబితే చాలు, ఎవడూ ముట్టుకోడు.

"యాసిడ్ ట్యాంకులు," అన్నాడు.

లిండ్‌క్విస్ట్ కలం ఆగింది. "యాసిడా?"

"అవును. కదిలిస్తే ఈ వీధి ఉండదు. అలా వదిలేస్తే మాత్రం పిల్లి పిల్లలా పడుంటాయి."

"ఎవరు పాతారో గుర్తుందా?"

"పోయాడు." ఇది నిజమే. యోజెఫ్ పోయి పదేళ్ళు.

"లోపల నిండా ఉన్నాయంటారా?"

"అంచుదాకా." ఇదీ నిజమే.

లిండ్‌క్విస్ట్ లేచి వంగని కాలు సర్దుకుని అతని భుజం తట్టాడు. "మీలాంటివాళ్ళు లేకపోతే మా పని గుడ్డెద్దు చేలో పడ్డట్టే. ఇలాంటి సంగతి ఏ కాగితంలోనూ దొరకదు."

తలుపు వేశాక ఎమిల్ తనకి తానే ఒక బీరు పోసుకున్నాడు. తన తెలివి మీద తనకి అంత గౌరవం కలగడం చాలా ఏళ్ళ తర్వాత అదే మొదలు. మూడు వారాలు నిలిచింది.

మూడు వారాలకి గుడ్లో ఫోను చేసింది. "కచ్మార్ గారూ, మీరిచ్చిన సమాచారంతో అత్యవసర నిధి కింద ఇంకో లక్షన్నర డాలర్లు వచ్చాయి! ఎంత ప్రమాదముంటే అంత ముందు డబ్బు, అంత ముందు పని. స్థలం మొత్తంలో మొదట తవ్వేది మీ వెనకవైపే. ఈస్టరు ముందు బుధవారం."

ప్రమాదమంటే వదిలేసేది ఫ్యాక్టరీ. ప్రమాదమంటే డబ్బు పోసేది ప్రభుత్వం. ఈ తేడా అతనికి ఎనిమిదో తరగతిలో ఎవరూ చెప్పలేదు.

*

రాత్రికి రాత్రి తవ్వుకుందామనే ఆలోచన కూడా వచ్చింది. కానీ మర్నాటి పొద్దుటికే చారిక చుట్టూ కొత్త కంచె, తాళం, ఎర్రబోర్డు వచ్చాయి. కుర్చీ వేసుకుని ఒక కాపలావాడు. అతని జీతం కూడా ఎమిల్ చలవే.

తవ్వకానికి రెండు రోజుల ముందు, పవిత్రవారం సోమవారం ఎమిల్ టోపీ చేతిలో పట్టుకుని గుడ్లో ఆఫీసుకెళ్ళాడు.

"ఆ ట్యాంకులు," అన్నాడు. "యాసిడ్ కాకపోవచ్చు."

ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుంది. "మరేంటి?"

నోటిదాకా వచ్చింది. గోడ మీద పార్కు బొమ్మ వేలాడుతోంది, అందులో బెంచీలున్నాయి. "గుర్తురావడం లేదు," అన్నాడు.

"అయ్యో. ఏముందో తెలియకపోతే ఇంకా ప్రమాదం." ఆవిడ అప్పటికే ఫోను తీసింది. "వార్డ్? మీ వాళ్ళకి ఇంకా మందపాటి సూట్లు తెప్పించు. అవును, మూతి మాస్కులు కూడా. వీధి మొత్తం ఖాళీ చేయించాలి."

ఎమిల్ టోపీ పెట్టుకుని బయటికొచ్చాడు. ఇంకో రెండుసార్లు నోరు విప్పితే సైన్యం దిగేట్టుంది.

బుధవారం పొద్దున్నే వీధిలో అందర్నీ చర్చి హాల్లోకి తోలారు. కాఫీ, డోనట్లు పెట్టారు. డొలోరెస్ మేరీమాత మీద దుప్పటి కప్పి వచ్చింది.

"నలభై ఏళ్ళు పక్కింట్లో యాసిడ్ పెట్టుకుని ఒక్క మాట చెప్పలేదేం నువ్వు?" అంది. "జుజ్కా ఉంటే చెప్పేది. వాసన పట్టేది అది." డోనట్ తుంచింది. "ఈ ఏడు కూడా బుట్టలో ఖ్రెన్ లేదు నాకు. అది పోయాక షాపు సీసా తెస్తున్నాను. సున్నం తిన్నట్టుంటుంది. ఎక్కడ పెంచేదయ్యా అది? అడిగితే నవ్వేది."

ఎమిల్ కాఫీ కప్పు కింద పెట్టాడు. ఏడేళ్ళుగా అతను చారికలోకి వెళ్ళింది ఏటా ఒకసారి, ఒక ముక్క తవ్వుకుని ఒక్కడే తిన్నాడు. డొలోరెస్‌కి ఇద్దామని ఒక్కసారీ తోచలేదు. పోగొట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణేనని అతని లెక్క.

వెనక తలుపులోంచి బయటికి నడిచాడు.

*

పసుప్పచ్చ రిబ్బను దగ్గర పోలీసు ఆపాడు. అవతల తెల్ల సూట్లలో ఆరుగురు చంద్రుడి మీద నడిచినట్టు నడుస్తున్నారు. తవ్వే యంత్రం బొచ్చె ఎత్తి ఉంది. బొచ్చె కింద నేలలోంచి ఎర్రటి చిగుళ్ళు అప్పుడే ముడుచుకుని లేస్తున్నాయి.

"ఆపండి!" అన్నాడు ఎమిల్. యంత్రం హోరులో తనకే వినబడలేదు. ఊపిరి పట్టి అరిచాడు. "ఆపండయ్యా! తొట్లు! అవి స్నానపు తొట్లు!"

యంత్రం ఆగింది. ఆగడం వల్ల తర్వాతి మాట వీధి చివరిదాకా వినబడింది.

"మా ఆవిడ తొట్లు!"

తెల్ల సూట్లు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. గుడ్లో హెల్మెట్ సర్దుకుంటూ రిబ్బను దగ్గరికొచ్చింది. "ఏ తొట్లండీ?"

చెప్పాడు. నుంచున్నచోటే, పోలీసు ముందు, మొత్తం చెప్పాడు. ఖ్రెన్, యోజెఫ్, ఇనుప గొట్టాలు, ఎర్రబోర్డు, అన్నీ. మూడు నిమిషాలు పట్టింది. గంట కొట్టేవాళ్ళు లేరు గానీ సరిగ్గా అంతే పట్టి ఉంటుంది, అలవాటు.

ఒక సూటు మోకాళ్ళ మీద కూర్చుని చేతిపారతో గీకింది. తెల్లటి అంచు బయటపడింది. ఎవరో మాస్కులోంచి నవ్వారు, అది పందికూతలా వినిపించింది. లిండ్‌క్విస్ట్ తుపాకీలాంటి పరికరం తీసి తొట్టి బయట మట్టికి ఆనించాడు.

"సీసం రెండువేల మూడువందలు. రెండువందలు దాటితే పిల్లల్ని ఆడనివ్వం." తొట్టిలోపల ఆనించాడు. చూసి, మళ్ళీ ఆనించాడు. "ముప్పై. మా పెరటి మట్టి ఇంతకంటే అన్యాయం. లోపల ఇది ఎవరు పోశారు?"

"మా ఆవిడ."

"మరి బయట ఈ నల్ల ఇసక?"

ఎమిల్ బళ్ళో పిల్లాడిలా చెయ్యెత్తాడు.

గుడ్లో నవ్వలేదు. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుంది. "లక్షన్నర డాలర్లు కచ్మార్ గారూ. వీధిని ఖాళీ చేయించాను. ఆరేళ్ళు మీ మొహం చూశాను. పద్నాలుగుసార్లు అభ్యంతరాలున్నాయా అని అడిగాను మిమ్మల్ని. ఒక్కసారి, ఒక్కసారి ఈ మాట అని ఉంటే ఒక పొద్దున్న పార చేతికిచ్చి పంపేదాన్ని. వేళ్ళు తీసుకుని ఇంటికి పోయేవారు. ఉడతలట! ఉడతల కోసం నేను అటవీశాఖకి ఉత్తరం రాశాను, తెలుసా?"

"తెలీదు."

"జవాబు కూడా వచ్చింది!"

ఎమిల్ నేల చూశాడు. ఇంతకంటే గట్టిగా తిట్టినా బాగుండుననిపించింది. "ఇప్పుడేమవుతాయి అవి?"

"రెండు గంటలకి లారీ వస్తుంది. మొత్తం డంపుకి పోతుంది." ఆవిడ లిండ్‌క్విస్ట్ వైపు చూసింది. ఆయన భుజాలెగరేశాడు. మట్టి కడిగేస్తే వేరు సంగతి వేరు, అన్నాడు. తీసెయ్యాల్సినవాటి లిస్టులో వేరు లేదట.

ఆవిడ వాచీ చూసుకుంది. "వాంగ్మూలం కావాలి. రాతపూర్వకంగా. అవేమిటి, ఎవరు పెట్టారు, లోపల ఉన్నది ఎవరిది. అది ఫైల్లోకెళ్తేనే వేళ్ళు గేటు దాటతాయి. రండి."

*

గుడ్లో, ఆఫీసుగా పెట్టుకున్న ట్రైలర్లో కంప్యూటర్ ముందు కూర్చుంది. ముందు ఒక కాగితం తోసింది. సంతకాల కాగితం.

"ఇదెందుకు?"

"ప్రజాభిప్రాయం కిందకే వస్తుంది. పదిహేనోది. ఇంకో నిధికి పనికొస్తుంది."

సంతకం పెట్టాడు.

"యాసిడ్ ట్యాంకులని చెప్పింది," అంది ఆవిడ టైపు చేస్తూ, "వయసు వల్ల జ్ఞాపకం పొరపాటు అని రాద్దామా?"

"అబద్ధం అని రాయండి."

ఆవిడ ఒక క్షణం చూసి అలాగే రాసింది. "తొట్లు?"

"దొంగతనం. మూడు. 1981. ఏటా ఫాదరు దగ్గర ఒప్పుకున్నాను, కావాలంటే అడగండి."

గుడ్లో టైపు చెయ్యలేదు. పక్కనున్న మ్యాపు తిప్పి చూసింది. "కుప్ప ఇక్కడ. మీ చారిక ఇక్కడ. రెండూ ఫ్యాక్టరీ స్థలమే."

"అవును."

"అయితే తొట్లు గేటు దాటలేదు. ఫ్యాక్టరీ తొట్లు ఫ్యాక్టరీ నేలలోనే ఉన్నాయి. జరిపారంతే. ఇది దొంగతనం కాదండీ."

ఎమిల్ నోరు తెరిచాడు. నలభై రెండు ఈస్టర్లు. ఒక్కోదానికి పది ప్రార్థనలు శిక్ష. మోకాళ్ళ మీద.

"మరి ఆ ప్రార్థనలు?"

"అవి వాపసు రావనుకుంటాను." ఆవిడ పెదవుల చివర కదిలింది గానీ నవ్వు దాకా రాలేదు. "లోపల ఉన్నది?"

"ఖ్రెన్. నాది కాదు. జుజ్కా కచ్మార్‌ది."

రాసింది. చదివి వినిపించింది. బయట పారల చప్పుడు, ఎవరో బకెట్లు తెమ్మంటున్నారు. "ఇంకేమైనా చేర్చాలా? ఇది బహిరంగ రికార్డు. ఎవరైనా, ఎప్పుడైనా చదువుకోవచ్చు. ఒకసారి ఎక్కితే చెరపడానికి లేదు."

ఎమిల్ టోపీ అంచు తిప్పుతూ కూర్చున్నాడు.

"నాలుగు," అన్నాడు.

"ఏమిటి నాలుగు?"

"తొట్లు. నాలుగోది ఉంది."

గుడ్లో మ్యాపు మీదికి వంగింది. "ఎక్కడ? యంత్రం మూడే చూపించిందే."

"స్థలంలో కాదు. మా మేడ మీద. అది గేటు దాటింది. 1979. అంచు మీద గోరంత పెచ్చు ఊడిందని కుప్పలో వేశారు. కొన్నానని ఆవిడతో చెప్పాను. నూటపది డాలర్లన్నాను. ఏడాదిపాటు నెలనెలా వాయిదా కడుతున్నట్టు డబ్బు తీసుకెళ్ళి బీరు తాగాను."

"ఇది మా ప్రాజెక్టు హద్దులో లేదు కచ్మార్ గారూ. రాయాల్సిన పని లేదు."

"రాయండి."

"ఇది నిజంగానే దొంగతనం."

"అందుకే."

ఆవిడ రాసింది. మీటల చప్పుడు మెల్లగా ఉంది. చివర ఆగి, కళ్ళద్దాల మీదుగా చూసింది. "ఆవిడకి తెలుసా?"

తెలీదనబోయాడు. పెచ్చు ఊడింది ఎక్కడ? గోడవైపు మూల. అక్కడ ముప్పై ఏడేళ్ళు ఏముంది? పొద్దున సాయంత్రం తను తడుముకుని తీసి, మళ్ళీ అక్కడే పెట్టింది ఏమిటి? పూజకి ఫాదరు ఇంటికొచ్చినా, తమ్ముడొచ్చినా, డొలోరెస్ వచ్చి కొళాయి తిప్పి చూసి నూటపదా అని కళ్ళు పెద్దవి చేసినా, ఒక్కరి కంటా ఆ మూల పడకుండా.

"సబ్బుపెట్టె అక్కడే పెట్టేది," అన్నాడు.

గుడ్లోకి అర్థం కాలేదు. అది రాయలేదు. ప్రింటు తీసి ఇచ్చింది, అతను సంతకం పెట్టాడు.

రెండు బకెట్ల వేళ్ళు ఇచ్చారు. గేటు దగ్గర డొలోరెస్ కాచుక్కూర్చుంది. బకెట్లోకి తొంగిచూసి, ఒకటి తీసి వాసన చూసి, మొహం అటు తిప్పుకుంది. ఎమిల్ ఆవిడ బ్యాగులో నాలుగు పెద్దవి పడేశాడు. "కడుక్కో. లక్షన్నర డాలర్ల వేళ్ళు," అన్నాడు. ఆవిడ బ్యాగు రెండు చేతులా పట్టుకుంది.

మిగతావి మేడ మీదికి మోసుకెళ్ళాడు. మధ్యలో రెండుసార్లు కూర్చున్నాడు. తొట్టిలో వేళ్ళు పరిచి కొళాయి తిప్పే ముందు, సబ్బుపెట్టె తీసి కింద పెట్టాడు.